క్లచ్ తేలికైతే చాలదు: పాత కారు, కొత్త ఇంజన్, సగం గుర్తున్న పాస్కల్

పాత కారుకు వేరే ఇంజన్ బిగించే వాళ్లను కదిలిస్తే ముందు హార్స్‌పవర్ గురించి చెబుతారు. తర్వాత గేర్ బాక్స్ సంగతి వస్తుంది. క్లచ్ ఊసు చివరికి వస్తుంది. అది కూడా "పెడల్ గట్టిగా ఉంది, హైడ్రాలిక్ చేయించాలి" అన్న ఫిర్యాదుగానే. అప్పుడు షెడ్డులో ఏ మాస్టర్ సిలిండర్ దొరికితే దాన్ని బిగిస్తారు. పెడల్ మెత్తగా దిగుతుంది, యజమాని సంతోషిస్తాడు. ఫస్ట్ గేర్ వేయబోతే గరగరమంటుంది. రివర్స్ అసలు పడదు.

పెడల్ తేలికైంది, గేర్ పడటం లేదు. ఈ రెండూ వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి గానీ, ఒకటి జరిగినందువల్లే రెండోదీ జరిగింది. పాస్కల్ సూత్రంలో మనకు గుర్తున్న సగం మొదటిదాన్ని ఇచ్చింది, మరిచిపోయిన సగం రెండోదాన్ని తెచ్చిపెట్టింది. ఇంజన్ మార్పిడిలో హైడ్రాలిక్ క్లచ్ చాలాసార్లు సరైన ఎంపికే. కానీ సిలిండర్ కొనే ముందు కాగితం మీద నాలుగు అంకెల లెక్క వేయకపోతే ఆ పని మొదలుపెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. ఆ లెక్కకు ఇంజనీరింగ్ పట్టా అక్కర్లేదు. పదకొండో తరగతి భౌతికశాస్త్రం సరిపోతుంది.

బ్రేకుకు నూనె, క్లచ్‌కు రాడ్లు

మాట గాల్లో ఉండకుండా ఒక కారును ఉదాహరణగా తీసుకుందాం. మోరిస్ మైనర్ 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో తొలిసారి కనిపించింది. దాని రూపకర్త అలెక్ ఇసిగోనిస్. తర్వాత 'మినీ'ని రూపొందించిందీ ఆయనే. పది లక్షల సంఖ్యను దాటిన తొలి బ్రిటిష్ కారు మైనరే. మన దేశంలోనూ హిందుస్తాన్ మోటార్స్ తొలినాటి మైనర్‌ను 'బేబీ హిందుస్తాన్' పేరుతో తయారు చేసింది. అంబాసిడర్‌కు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఎలాగో, ఈ బేబీకి మైనర్ అలాగ.

బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో ఇంజన్ మార్పిడికి ఎక్కువమంది ఎంచుకునే పాత కార్లలో మైనర్ ఒకటి. దాని చివరి 1,098 సీసీ ఇంజన్ శక్తి 48 హార్స్‌పవర్. ఈనాటి హైవే మీద అది ఆయాసపడుతుంది. అందుకని కొందరు అదే కుటుంబానికి చెందిన 1,275 సీసీ ఇంజన్ పెడతారు. కొందరు డాట్సన్ ఇంజన్ దించుతారు. ఇంజన్ పాతదే ఉంచి, ఫోర్డ్ సియెర్రాలో వాడిన అయిదు గేర్ల పెట్టెను కలిపేవాళ్లూ ఉన్నారు.

మైనర్‌లో ఒక విచిత్రం ఉంది. దాని బ్రేకులు మొదటి రోజు నుంచీ హైడ్రాలిక్. క్లచ్ మాత్రం చివరిదాకా మెకానికల్. పెడల్ నుంచి ఒక రాడ్డు, అది తిప్పే ఒక అడ్డ షాఫ్ట్, అక్కడి నుంచి మరో రాడ్డు, ఆ తర్వాత క్లచ్ ఫోర్క్. ఇదే కుటుంబపు ఇంజన్‌తో 1958లో వచ్చిన ఆస్టిన్ హీలీ స్ప్రైట్‌లోనూ, 1959లో వచ్చిన మినీలోనూ క్లచ్ హైడ్రాలిక్. కాబట్టి మైనర్‌కు హైడ్రాలిక్ క్లచ్ పెట్టడం ఆ ఇంజన్ వంశానికి కొత్త విద్యేమీ కాదు.

రాడ్ల పద్ధతిలో ఇబ్బంది ఎక్కడుంది? పెడల్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. క్లచ్ వదిలే క్షణంలో టార్క్ వల్ల ఇంజన్ కొంచెం ఒరుగుతుంది. అలా ఒరిగినప్పుడు రాడ్డు లాగబడుతుంది లేదా నెట్టబడుతుంది. అంటే డ్రైవర్ కాలు కదలకుండానే క్లచ్ కదులుతుంది. అది కదిలితే టార్క్ మారుతుంది, టార్క్ మారితే ఇంజన్ మళ్లీ ఊగుతుంది. బండి బయల్దేరేటప్పుడు దడదడలాడటానికి ఇదొక కారణం. మైనర్‌లో ఈ ఊగుడును ఆపడానికి ఇంజన్‌ను పట్టి ఉంచే ఒక స్టే రాడ్డును కూడా అమర్చారు. ఎక్కువ టార్క్ ఉన్న ఇంజన్ పెడితే ఈ జబ్బు ముదురుతుంది. పైగా పాత రాడ్లు తగిలించే చోటు కొత్త గేర్ బాక్స్ మీద ఉండకపోవచ్చు. ఫోర్క్ మరో పక్క నుంచి రావచ్చు, స్టీరింగో సైలెన్సర్ పైపో అడ్డు పడవచ్చు.

హైడ్రాలిక్ క్లచ్ అసలు ఉపయోగం ఇక్కడ ఉంది. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, గేర్ బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్, రెండింటినీ కలుపుతూ ఒక పైపు. ఆ పైపులో కొంత భాగం వంగే హోస్. ఇంజన్ ఎటు ఊగినా హోస్ వంగుతుంది. లోపలి ద్రవం పరిమాణం దాదాపు మారదు కాబట్టి ఆ ఊగుడు క్లచ్‌కు చేరదు. పైపును ఎన్ని వంకరలైనా తిప్పి తీసుకెళ్లవచ్చు. నా దృష్టిలో హైడ్రాలిక్‌కు మారడానికి మొదటి కారణం ఇది. పెడల్ తేలికవడం దీని తర్వాతే.

ఒక మార్కెట్, రెండు ధరలు

ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుందని బ్లేజ్ పాస్కల్ వివరించాడు. ద్రవాల సమతాస్థితిపై ఆయన రాసిన గ్రంథం ఆయన మరణించిన మరుసటి ఏడాది, 1663లో, అచ్చయింది. ఆ సూత్రంతో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు పొందాడు. పాఠ్యపుస్తకంలోని బొమ్మ మనందరికీ గుర్తే: ఒక చిన్న పిస్టన్, ఒక పెద్ద పిస్టన్, పెద్దదాని మీద కారు. చిన్నదాన్ని వేలితో నొక్కితే కారు లేస్తుంది.

ఆ బొమ్మ చెప్పేదంతా నిజమే. అయితే కారు ఎంత ఎత్తు లేస్తుందన్న సంగతి ఆ బొమ్మ చూసినవాళ్ల మనసులో నిలవదు. వైశాల్యం పది రెట్లు ఉంటే బలం పది రెట్లు అవుతుంది, కదిలే దూరం పదో వంతు అవుతుంది. బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చే పని రెండు వైపులా ఒకటే. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండో భాగం లేకపోలేదు. సిరంజిల లెక్కల్లో దూరాన్ని కూడా అడుగుతారు. పరీక్ష అయ్యాక మాత్రం 'బలం పెరుగుతుంది' అన్న ముక్కే మిగులుతుంది.

కారును ఎత్తే లిఫ్టుకు ఈ మరుపు వల్ల పెద్ద నష్టం లేదు. పంపును ఇంకో నాలుగుసార్లు కొడితే కారు ఇంకాస్త లేస్తుంది. క్లచ్ పెడల్‌కు ఆ వెసులుబాటు లేదు. కాలు ఒక్కసారి దిగుతుంది, ఒక్కసారి లేస్తుంది. ఆ ఒక్క దిగుడులో రావాల్సిన దూరమంతా రావాలి.

ఎంత దూరం కావాలి? క్లచ్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఇంజన్‌తో తిరిగే ఫ్లైవీల్‌కు, ప్రెషర్ ప్లేట్‌కు మధ్య క్లచ్ ప్లేట్ ఇరుక్కుని ఉంటుంది. దాన్ని అదిమి ఉంచేది డయాఫ్రమ్ స్ప్రింగ్. ఆ స్ప్రింగ్‌కు మధ్యలో వేళ్లలాంటి రేకులు ఉంటాయి. రిలీజ్ బేరింగ్ వాటిని లోపలికి నొక్కితే ప్రెషర్ ప్లేట్ వెనక్కి జరిగి, క్లచ్ ప్లేట్ విడుదల అవుతుంది. చిన్న కార్ల క్లచ్‌లో బేరింగ్ సుమారు 8 మిల్లీమీటర్లు నడిస్తే చాలనుకుందాం. కచ్చితమైన అంకె క్లచ్‌ను బట్టి మారుతుంది, దాన్ని తయారీదారు వివరాల నుంచి తీసుకోవాలి.

నాలుగు అంకెలు

ఇప్పుడు లెక్క వేద్దాం. పెడల్ నిష్పత్తి 5 అనుకుందాం. అంటే కాలు పెట్టే చోటు నుంచి ఇరుసుకున్న దూరం, పుష్ రాడ్ నుంచి ఇరుసుకున్న దూరానికి అయిదు రెట్లు. వదులు పోను పెడల్ నడక 130 మి.మీ. కాబట్టి మాస్టర్ సిలిండర్ పిస్టన్ 26 మి.మీ. కదులుతుంది. స్లేవ్ సిలిండర్ వ్యాసం 22.2 మి.మీ., అంటే పాత అంగుళాల కొలతలో ఏడు బై ఎనిమిది. దాని వైశాల్యం 388 చదరపు మి.మీ. క్లచ్ ఫోర్క్ నిష్పత్తి 2. బేరింగ్ మీద పడే బలం 1,200 న్యూటన్లు. నడక పొడవునా ఈ బలం మారుతూ ఉంటుంది గానీ, పోలిక కోసం స్థిరమని తీసుకుందాం. ఘర్షణను కూడా ప్రస్తుతానికి పక్కన పెడదాం.

మాస్టర్ సిలిండర్ వ్యాసం 19.05 మి.మీ., అంటే ముప్పావు అంగుళం, అయితే దాని వైశాల్యం 285 చదరపు మి.మీ. స్లేవ్ పిస్టన్ 19.1 మి.మీ. కదులుతుంది, బేరింగ్ 9.5 మి.మీ. నడుస్తుంది. కావాల్సింది 8 కాబట్టి ఒకటిన్నర మి.మీ. మిగులు. పెడల్ మీద కావాల్సిన బలం 88 న్యూటన్లు, అంటే దాదాపు 9 కిలోల బరువు.

ఇది బరువుగా ఉందని 15.87 మి.మీ., అంటే అయిదు బై ఎనిమిది అంగుళాల మాస్టర్ పెడితే? పెడల్ బలం 61 న్యూటన్లకు, అంటే దాదాపు ఆరు కిలోలకు దిగుతుంది. కాలికి హాయే. బేరింగ్ మాత్రం 6.6 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. క్లచ్ ప్లేట్ పూర్తిగా విడుదల కాదు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ గేర్ బాక్స్ లోపలి షాఫ్ట్ కూడా కొంచెం తిరుగుతూనే ఉంటుంది. గరగర శబ్దం దానిదే. అలాగే నడిపితే ముందు పాడయ్యేవి సింక్రోనైజర్ రింగులు.

పోనీ మాస్టర్ కూడా 22.2 మి.మీ. పెడితే? బేరింగ్ 13 మి.మీ. నడుస్తుంది. పెడల్‌కు 120 న్యూటన్లు, అంటే పన్నెండు కిలోల పైచిలుకు కావాలి. అవసరానికి మించి నొక్కితే డయాఫ్రమ్ వేళ్లు వంగిపోవచ్చు, క్లచ్ ప్లేట్ హబ్‌కు తగలవచ్చు.

ఈ మూడింటిలోనూ పెడల్ బలాన్ని పెడల్ నడకతో గుణించండి. తర్వాత బేరింగ్ బలాన్ని బేరింగ్ నడకతో గుణించండి. మొదటి దాంట్లో రెండు వైపులా దాదాపు 11.4 జౌళ్లు, రెండో దాంట్లో దాదాపు 7.9, మూడో దాంట్లో 15.6. క్లచ్‌ను పూర్తిగా విడిపించడానికి 1,200 న్యూటన్లతో 8 మి.మీ., అంటే 9.6 జౌళ్లు కావాలి. రెండో అమరికలో కాలు పెట్టిన పనే 7.9 జౌళ్లు. దమ్మిడీ ఖర్చు పెట్టి రూపాయి సరుకు అడిగితే ఏ దుకాణదారుడూ ఇవ్వడు, ప్రకృతి కూడా అంతే.

మరి పెడల్ తేలిక కావాలంటే దారి లేదా? ఉంది. అది సిలిండర్ దుకాణంలో కాక క్లచ్ దుకాణంలో ఉంది. క్లచ్ మోయగలిగే టార్క్ ఎంతంటే, ఘర్షణ గుణకం, అదిమే బలం, సగటు వ్యాసార్థం, వీటి లబ్ధానికి రెట్టింపు. ప్లేటుకు రెండు ముఖాలు ఉంటాయి కాబట్టి రెట్టింపు. గుణకం 0.3, వ్యాసార్థం 75 మి.మీ., అదిమే బలం 4,000 న్యూటన్లు అనుకుంటే 180 న్యూటన్-మీటర్లు వస్తుంది. 100 న్యూటన్-మీటర్ల టార్క్ ఇచ్చే ఇంజన్‌కు ఇది ధారాళంగా సరిపోతుంది. అలాంటి ఇంజన్‌కు 'రేసింగ్' పేరుతో అమ్మే గట్టి ప్రెషర్ ప్లేట్ బిగించి, ఆ బరువును చిన్న మాస్టర్‌తో దించాలనుకోవడం రెండు తప్పులను కలిపి ఒక ఒప్పు చేయాలనుకోవడమే.

ఒక్క సీసీ గాలి

లెక్క సరిపోయినా మిగులును తినేసే దొంగలు ఉంటాయి. మొదటిది గాలి. మన లెక్కలో పీడనం సుమారు 15 బార్లు. ఇంత పీడనం కింద బ్రేక్ ఆయిల్ పరిమాణం వెయ్యిలో ఒక వంతు కూడా తగ్గదు. గాలి అలా కాదు. మామూలు వాతావరణ పీడనంలో ఒక సీసీ ఉన్న బుడగ ఈ పీడనం కింద దాదాపు 0.06 సీసీకి కుదించుకుపోతుంది. అంటే మాస్టర్ పంపిన ద్రవంలో 0.94 సీసీ స్లేవ్‌కు చేరకుండా బుడగను నలపడానికే ఖర్చవుతుంది. పూర్తి నడకలో మాస్టర్ పంపేదే 7.4 సీసీ. స్లేవ్ దగ్గర 2.4 మి.మీ., బేరింగ్ దగ్గర 1.2 మి.మీ. పోయినట్టే. ఒకటిన్నర మి.మీ. మిగులులో మూడొంతులకు పైగా ఒక బుడగ తినేసింది. అలాంటివి రెండుంటే గేర్ పడదు. మెకానిక్కులు 'ఎయిర్ పట్టింది' అని ఒక్క మాటలో చెప్పేది ఇదే. అందుకే స్లేవ్ సిలిండర్‌ను బిగించేటప్పుడు బ్లీడ్ స్క్రూ దాని అన్నిటికన్నా ఎత్తైన చోట ఉండేలా చూడాలి. గాలి పైకే పోతుంది, కిందనున్న రంధ్రంలోంచి దాన్ని ఎంతసేపు తీసినా రాదు.

రెండోది వంగుడు. మన లెక్కలో మాస్టర్ పుష్ రాడ్ మీద 440 న్యూటన్ల బలం పడుతుంది. మాస్టర్‌ను పల్చటి రేకు మీద బిగిస్తే ప్రతిసారీ ఆ రేకు ముందుకు ఉబ్బుతుంది. అది 2 మి.మీ. ఉబ్బితే 26లో 2, అంటే నూటికి ఎనిమిది వంతులు అక్కడే పోయాయి. కొన్నాళ్లకు రేకు చిట్లుతుంది కూడా. మైనర్ పెడళ్లు కింద, నేల దగ్గర ఇరుసు మీద తిరుగుతాయి. దాని బ్రేక్ మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద ఛాసిస్ పట్టీలోనే ఉంటుంది. క్లచ్ మాస్టర్‌కూ అలాంటి గట్టి చోటు వెతకాలి, లేదా వెనక బలమైన ప్లేటు వెల్డ్ చేయాలి.

మూడో దొంగను మనమే కాపలా పెడతాం. స్లేవ్ సిలిండర్‌ను ఛాసిస్‌కు బిగించడం అంటే అదే. చోటు దొరికిందని అలా చేస్తే ఇంజన్ ఊగుడు మళ్లీ క్లచ్‌కు చేరుతుంది. హైడ్రాలిక్‌కు మారిన కారణమే పోతుంది. స్లేవ్ ఉండాల్సింది గేర్ బాక్స్ మీద లేదా బెల్ హౌసింగ్ మీద, ఇంజన్‌తో పాటే ఊగే చోట.

ఇంకో జాగ్రత్త పాత విడిభాగాలకు సంబంధించింది. డ్రమ్ బ్రేకుల కోసం చేసిన కొన్ని మాస్టర్ సిలిండర్లలో, పెడల్ వదిలాక కూడా పైపులో కొద్దిపాటి పీడనాన్ని ఆపి ఉంచే వాల్వు ఉంటుంది. బ్రేకుకు అది మేలు చేస్తుంది. క్లచ్‌లో అదే వాల్వు రిలీజ్ బేరింగ్‌ను ఎప్పుడూ వేళ్లకు ఒత్తి ఉంచుతుంది. చూడటానికి ఒకేలా ఉన్నాయని ఒకదాని బదులు మరొకటి వాడకూడదు.

పెడల్ కింద ఒక గట్టి ఆపుడు కూడా ఉండాలి. కంగారులో మనిషి కాలు 500 న్యూటన్లు సులువుగా తొక్కుతుంది. పెడల్ నిష్పత్తి దాన్ని 2,500 చేసి మాస్టర్ మీద పెడుతుంది. ఆ దెబ్బను సిలిండరూ డయాఫ్రమ్ వేళ్లూ మోయకూడదు. పెడల్‌ను కావాల్సినంత మేరకే దిగనిచ్చి, అక్కడ ఆపే ఒక బోల్టు ఆ పని చేస్తుంది.

ఇక ద్రవం. ఈ సిలిండర్లలో ఎక్కువ వాటికి కావాల్సింది డాట్ 3 లేదా డాట్ 4 బ్రేక్ ఆయిల్. ఇంజన్ ఆయిల్ లాంటి ఖనిజ నూనె పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. డాట్ 4 తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చుకున్నాక అది 155కు పడిపోవచ్చు. పైపును సైలెన్సర్ పైపు పక్క నుంచి తీసుకెళ్తే ఈ తేడా ముఖ్యమవుతుంది. మరిగిన ద్రవంలో పుట్టే ఆవిరి కూడా గాలి బుడగ చేసే పనే చేస్తుంది.

ఎదురు వాదనలు

ఇంత తలనొప్పి ఎందుకు, కేబుల్ వేస్తే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. అది న్యాయమైన ప్రశ్న. మన దేశంలో ఒక తరం మొత్తం నడపడం నేర్చుకున్న మారుతి 800లో ఉన్నది కేబుల్ క్లచ్చే. కేబుల్‌లో ఎయిర్ పట్టదు, ఆయిల్ కారదు, తెగితే రోడ్డు పక్కనే మార్చుకోవచ్చు. పెడల్ నుంచి ఫోర్క్ దాకా దారి సాఫీగా ఉంటే కేబుల్ మంచి పరిష్కారమే. సియెర్రా గేర్ బాక్స్ అసలు కారులో కేబుల్‌తోనే పనిచేసింది. కానీ కేబుల్ పదునైన వంపులను సహించదు. ప్రతి వంపు దగ్గరా ఘర్షణ పెరుగుతుంది. మైనర్‌లాగా పెడళ్లు నేల కింద, ఫోర్క్ మరో పక్క ఉన్నప్పుడు పైపుకు ఉన్న స్వేచ్ఛ కేబుల్‌కు ఉండదు. ఏది మేలన్నది దారిని చూసి తేల్చాలి, ఫ్యాషన్ చూసి కాదు.

రెండో వాదన పాతదనాన్ని ప్రేమించేవాళ్లది. మైనర్‌లో డాట్సన్ ఇంజన్ పెడితే అది మైనరేనా అని వాళ్లు అడుగుతారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. నా జవాబు ఒక్కటే: చేసిన మార్పును వెనక్కి తీసుకోగలిగేలా చేయండి. ఛాసిస్ పట్టీని కోయకుండా, ఉన్న రంధ్రాలకే బ్రాకెట్ బిగించి మాస్టర్‌ను నిలబెట్టగలిగితే, తీసేసిన రాడ్లనూ అడ్డ షాఫ్ట్‌నూ గుడ్డలో చుట్టి దాచితే, రేపటి యజమాని కారును తిరిగి 1948 నాటి ఆలోచనకు చేర్చుకోగలడు. పాత వస్తువులను కాపాడేవాళ్లు పాటించే నియమమూ ఇదే.

మన దేశంలో ఇది ఇష్టాయిష్టాలతో ఆగదు, చట్టం కూడా ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు పెడుతుంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన వాహనానికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. వాహనం అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో గణనీయమైన మార్పులు చేసి ఉండకూడదు. కాబట్టి ఇక్కడ బేబీ హిందుస్తాన్ ఉన్నవాళ్లు స్పానర్ పట్టుకునే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగాలి. బాగా నడిచే కారు కావాలా, వింటేజ్ గుర్తింపు కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఎవరేం చేయాలి

మార్పిడి కిట్లు అమ్మేవాళ్లు పెట్టె మీద 'తేలికైన పెడల్' అని రాస్తే చాలదు. మాస్టర్ వ్యాసం, స్లేవ్ వ్యాసం, ఎంత పెడల్ నడకకు బేరింగ్ ఎంత నడుస్తుంది, ఈ మూడూ రాయాలి. సిమెంటు బస్తా మీద బరువు రాసినంత సహజంగా ఇది జరగాలి. కొనేవాళ్లు అడగడం మొదలుపెడితే అమ్మేవాళ్లు రాస్తారు.

షెడ్డుల్లో నాకు కనిపించే లోటు నైపుణ్యానిది కాదు. లేత్ మీద నూరో వంతు మిల్లీమీటరు పట్టుకునే చేతులు మన దగ్గర ఉన్నాయి. అంబాసిడర్‌లో డీజిల్ ఇంజన్‌ను కూర్చోబెట్టిన అనుభవం ఉంది. లోటల్లా, బిగించి చూసి, కుదరకపోతే విప్పి మళ్లీ బిగించే అలవాటులో ఉంది. గేర్ బాక్స్ ఒకసారి దించి ఎక్కించడమంటే దాదాపు ఒక రోజు కూలి. కాగితం మీద లెక్కకు పది నిమిషాలు. ఈ తేడా తెలిసిన మెకానిక్‌కు గిరాకీ పెరుగుతుంది, యజమానికి డబ్బు మిగులుతుంది.

తరగతి గదికి వస్తే, ఐటీఐలోనూ ఇంటర్మీడియెట్ ల్యాబులోనూ పాస్కల్ పాఠానికి కారును ఎత్తే లిఫ్టు బొమ్మ బదులు క్లచ్‌ను పెట్టాలని నేనంటాను. రెండు సిరంజిలు, ఒక ప్లాస్టిక్ గొట్టం, నీళ్లు, ఒక స్కేలు చాలు. చిన్న సిరంజితో పెద్దదాన్ని నెట్టించి, బలం ఎంత పెరిగిందని అడిగే ముందు దూరం ఎంత తగ్గిందో కొలవమనాలి. తర్వాత గొట్టంలోకి ఒక గాలి బుడగను వదిలి మళ్లీ కొలవమనాలి. పెద్ద సిరంజి కదలకుండా బుడగ మాత్రం నలగడం కళ్లారా చూసిన విద్యార్థి, రేపు మెకానిక్ అయినా, ఇంజనీర్ అయినా, పాత కారు కొనుక్కున్న యజమాని అయినా, 'పెడల్ ఎంత తేలిక' అన్న ప్రశ్నతో పాటు 'బేరింగ్ ఎంత నడుస్తుంది' అని కూడా అడుగుతాడు.